కనిపించనిది నాలుగో సింహం కాదు



రోజూ చేతికి తగిలే వస్తువుల చరిత్ర రాస్తానని మొదలుపెట్టిన ఈ వరుసలో ఇది ఏడో భాగం. చెప్పు గురించి రాసినప్పుడు వచ్చినన్ని ఫోన్లు మరి దేనికీ రాలేదు. ఈసారి రూపాయి బిళ్ళ. చదవడానికి ముందు ఒక రూపాయి తీసి ఎదురుగా పెట్టుకోండి. ఫోన్‌లోనే డబ్బు నడిచే కాలంలో బిళ్ళ దొరకడం కష్టమే గానీ, గూట్లోనో, బండి డిక్కీలోనో ఒకటి పడి ఉంటుంది. వెతకండి.

గత నెల మా కాలేజీ గ్రౌండులో క్రికెట్ టాస్ దగ్గర గొడవైంది. ఒక పిల్లాడు బొమ్మ అన్నాడు. బిళ్ళ పడింది. పైకి సింహాలు. బొమ్మే పడిందని వీడంటాడు. కాదు, అంకె ఉన్న వైపు కూడా ఏదో చెక్కుడు ఉంది కదా, అది మాత్రం బొమ్మ కాదా అని వాడంటాడు. చివరికి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. "సార్, మీరు తెలుగు సారు కదా, చెప్పండి. బొమ్మంటే ఏ వైపు?"

పీహెచ్‌డీ చేసినందుకు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే ప్రశ్న వచ్చింది.

బొమ్మ అంటే రాజుగారి ముఖం. బ్రిటిష్ కాలపు నాణేలకు ఒక వైపు విక్టోరియా, తర్వాత ఎడ్వర్డ్, తర్వాత జార్జిలు. ఆ ముఖం ఉన్న వైపు బొమ్మ, రెండోది బొరుసు. 1947 నాటి రూపాయి చూసే అవకాశం దొరికితే చూడండి. ఒక వైపు ఆరో జార్జి తల, మరో వైపు నడుస్తున్న పులి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మూడేళ్ళు మన వాళ్ళు జార్జి బొమ్మతోనే ఉప్పు కొన్నారు. గణతంత్ర భారతపు మొదటి నాణేలు విడుదలైంది 1950 ఆగస్టు 15న. వాటిమీద రాజు తల పోయి సింహాలు వచ్చాయి. రూపాయి వెనక పులి పోయి ధాన్యపు కంకి వచ్చింది. చిన్న నాణేల మీద ఎద్దు, గుర్రం. రాజు పోయినా మన నోట్లో 'బొమ్మ' అనే మాట మాత్రం పోలేదు. ఎవరిదో తల ఉండాల్సిన చోట ఒక రాతి విగ్రహం వచ్చి కూర్చుంది. కాబట్టి బొమ్మన్న పిల్లాడే గెలిచాడని తీర్పు చెప్పాను.

పంచాయితీ అక్కడితో అయిపోవాల్సింది. ఓడిన పిల్లాడు ఊరుకోలేదు. సాయికుమార్ గొంతు పెట్టి 'పోలీస్ స్టోరీ' డైలాగు అందుకున్నాడు. మీకూ తెలుసు. కనిపించే మూడు సింహాలు సత్యం, న్యాయం, ధర్మం అట, కనిపించని నాలుగోది పోలీసట. 1996 నాటి సినిమా. అప్పటికి పుట్టని పిల్లలకు కూడా నోటికొచ్చు. జాతీయ చిహ్నం గురించి తెలుగువాళ్ళకు తెలిసిందంతా ఆ ఒక్క డైలాగే అంటే పెద్ద అతిశయోక్తి కాదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. కానీ నేను ఉమ్మడి గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి. 1991 ఆగస్టు 6న చుండూరులో, ఊళ్ళో పోలీసు బందోబస్తు ఉండగానే ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారని వింటూ పెరిగినవాణ్ణి. నాలుగో సింహం ఎవరికి కనిపించదో, ఎవరికి మరీ ఎక్కువగా కనిపిస్తుందో మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

అసలు విషయం అది కాదు. ఆ డైలాగు రాసినవాళ్ళు లెక్క తప్పారు. నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులకూ చూస్తుంటాయి. ఎటు నుంచి చూసినా మూడే కనిపిస్తాయి. రెండడుగులు పక్కకు నడిస్తే నాలుగోది కనిపిస్తుంది, ఇందాక కనిపించిన వాటిలో ఒకటి చాటుకు పోతుంది. శాశ్వతంగా దాక్కున్న సింహం ఏదీ లేదు. శాశ్వతంగా కనిపించకుండా పోయింది వేరే ఉంది.

చక్రం.

సింహాల పాదాల కింద చిన్నగా కనిపించే చక్రం గురించి కాదు నేను చెబుతున్నది. సారనాథ్ స్తంభంలో సింహాల తలల పైన ఒక పెద్ద రాతి చక్రం ఉండేది. దాని ముక్కలు కూడా తవ్వకాల్లో దొరికాయి. 32 ఆకుల చక్రమని ఆ ముక్కల్ని బట్టి లెక్కగట్టారు. అంటే ఆ శిల్పంలో అందరికన్నా పైన ఉన్నవి సింహాలు కావు. సింహాలు మోసేవి మాత్రమే. మోయించుకున్నది చక్రం.

ఇది ఎందుకు ముఖ్యమో కొంచెం నిదానంగా చెబుతాను. సారనాథ్ అంటే బుద్ధుడు జ్ఞానోదయం తర్వాత మొదటిసారి నోరు విప్పిన చోటు. అయిదుగురు భిక్షువులకు చెప్పిన ఆ మొదటి ఉపదేశాన్నే ధమ్మచక్కపవత్తనం అంటారు, అంటే ధమ్మచక్రాన్ని కదిలించడం. బుద్ధుణ్ణి శాక్యసింహుడు అన్నారు, ఆయన మాటను సింహనాదం అన్నారు. సింహం రాజుకు గుర్తు కూడా. రాజుకూ గుర్తయిన సింహాల మీద ధమ్మచక్రం పెట్టించాడంటే అశోకుడు ఏం చెబుతున్నట్టు? రాజ్యం కింద, ధమ్మం పైన అని. ఈ మాటను రాతిలో ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. విరిగిపోయింది సరిగ్గా ఆ పై భాగమే. మిగిలిన దాన్ని మనం చిహ్నం చేసుకున్నాం. అందుకే ఇప్పుడు చూసేవాళ్ళకు అది అధికారపు బొమ్మలా కనిపిస్తుంది. మూడు సింహాలు, తలపైన ఖాళీ.

ఎవరో కుట్ర చేసి చక్రం తీసేశారని నేను అనను. దొరికినప్పుడే శిల్పం ముక్కలై ఉంది. కానీ అది ఎందుకు మట్టిలో ఉందో మాత్రం అడగాలి. సారనాథ్‌లో అశోకుడి కాలపు ధర్మరాజిక స్తూపం ఉండేది. 1794లో కాశీ రాజు చేత్‌సింగ్ కొలువుకు చెందిన జగత్‌సింగ్ తన కట్టడాలకు ఇటుకల కోసం దాన్ని పడగొట్టించాడు. లోపల దొరికిన అస్థికలను గంగలో కలిపేశారు. బుద్ధుడు మొదట మాట్లాడిన చోటు ఒక ఇటుకల గనిగా మారిపోయింది. ఆ తర్వాత నూట పదేళ్ళకు, 1904-05లో, ఎఫ్.ఓ. ఓర్టెల్ అనే ఇంజనీరు అక్కడ తవ్వించినప్పుడు ఏడడుగుల ఎత్తున్న ఈ సింహశీర్షం బయటపడింది. రెండు వేల ఏళ్ళ నాటి ఆ చునార్ ఇసుకరాయి నునుపు ఇప్పటికీ పోలేదు. సారనాథ్ మ్యూజియంలో చూడొచ్చు. వీలైతే ఒక్కసారి వెళ్ళి, చుట్టూ నడిచి చూడండి.

ఇంకా ముందుకెళితే, అశోకుడి పేరే ఈ దేశం మరిచిపోయింది. ఆయన శాసనాలు కళ్ళ ముందు ఉన్నా చదవగలిగేవాళ్ళు లేరు. 1837లో బ్రాహ్మీ లిపి గుట్టు విప్పింది జేమ్స్ ప్రిన్సెప్. ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? కలకత్తా టంకశాలలో లోహం నాణ్యత పరీక్షించే అధికారి. రూపాయిలో వెండి సరిగా ఉందో లేదో చూడటం ఆయన పని. సాంచి స్తూపపు రాళ్ళ మీద చాలా పలకల చివర ఒకే రెండక్షరాలు పదే పదే రావడం గమనించి, ఇది 'దానం' అయి ఉండాలని ఊహించాడు. మామూలు మనుషులు స్తూపానికి ఇచ్చిన దానాల లెక్క అది. దాన్ని పట్టుకుని మిగతా అక్షరాలు తీశాడు. రాజుల శాసనాల తాళం తీసింది ఉపాసకుల చిన్న చిన్న దానాలు! శాసనాల్లోని 'పియదసి' అశోకుడేనని సింహళ పాళీ గ్రంథాల సాయంతో చెప్పింది జార్జ్ టర్నర్. అశోక అన్న పేరే ఉన్న శాసనం 1915లో అప్పటి నిజాం రాజ్యంలోని మస్కి దగ్గర దొరికింది. దాన్ని చూసింది బంగారు గనుల ఇంజనీరు. వెండి వాళ్ళు, బంగారం వాళ్ళు కలిసి మనకు అశోకుణ్ణి వెతికి పెట్టారన్నమాట.

మన నేలకూ ఆయనకూ ఉన్న బంధం పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ ఉన్నాయి. వాటితోపాటు చిన్న శాసనం కూడా ఉంది. దాన్ని చెక్కినవాడు కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, పొలం దున్నే ఎద్దు తిరిగినట్టు చెక్కాడు. గుత్తి వైపు వెళ్ళే మిత్రులు ఆగి చూడండి. పదమూడో శాసనంలో ఆంధ్రుల పేరు ఉంది. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించారని, అందుకు తాను బాధపడుతున్నానని ఒక చక్రవర్తి స్వయంగా ఒప్పుకున్న శాసనం అది.

ఇక్కడ ఒక మాట. మనలో కొందరు అశోకుణ్ణి దేవుణ్ణి చేస్తున్నారు. నేను ఆ పని చేయలేను. అదే పదమూడో శాసనంలో అడవి మనుషులకు ఒక హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపపడుతున్న రాజుకు ఇంకా బలం ఉందని మరిచిపోకండని. ఆదివాసీ మిత్రులు ఆ వాక్యం చదివి ఏమనుకుంటారో ఊహించగలను. దాసులతో, కూలివాళ్ళతో సరిగ్గా మెలగండని ఆయన చాలాచోట్ల రాయించాడు, దాస్యం ఉండకూడదని ఎక్కడా రాయించలేదు. అయినా ఆ కాలంలో ఒక రాజు దాసుల ప్రస్తావన తేవడమే, అదీ జనం నడిచే దారుల పక్కన, జనం మాట్లాడే ప్రాకృతంలో తేవడమే తక్కువ సంగతి కాదు.

సారనాథ్ స్తంభం మీద కూడా ఒక శాసనం ఉంది. మన రూపాయి మీద ఉన్న సింహాలు అసలు ఏ రాత మీద నిలబడ్డాయో ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. సంఘాన్ని ఎవరూ చీల్చకూడదు. భిక్షువు గానీ భిక్షుణి గానీ చీలిస్తే తెల్లబట్టలు కట్టించి విహారం బయట ఉంచాలి. ఈ ఆజ్ఞ ప్రతి ఒకటి అధికారుల దగ్గర ఉండాలి, ఒకటి ఉపాసకులకు అందుబాటులో ఉండాలి. దాని సారాంశం ఇదీ. సంఘం చీలిపోవద్దు, ఆ మాట మామూలు జనం చేతికీ అందాలి. ఒక్కో ఊళ్ళో నాలుగు దళిత సంఘాలు, ఒక్కో సంఘానికి ఇద్దరు అధ్యక్షులు ఉన్న మన పరిస్థితికి ఇది ఎంత దగ్గరగా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ రూపాయిని వెలుతురులో పెట్టి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూడండి. సింహాల కింద దేవనాగరిలో 'సత్యమేవ జయతే'. అది ముండకోపనిషత్తు నుంచి తీసుకున్న మాట. స్తంభం మీద ఆ మాట లేదు. బౌద్ధ శిల్పం కింద ఉపనిషత్తు వాక్యం చేర్చారు. ఇది వినగానే మన పిల్లలకు కోపం వస్తుంది. నాకూ మొదట వచ్చింది. తర్వాత ముండకం చదివాను. యజ్ఞాలను నమ్ముకోవడం గట్టిగా లేని పడవ ఎక్కడం లాంటిదని అనే ఉపనిషత్తు అది. పేరులోనే గుండు గీయించుకున్న సన్యాసి ఉన్నాడు. అంచేత వాక్యంతో నాకు తగాదా లేదు. నా తగాదా అల్లా చూసేవాడికి ఆ శిల్పం ఎవరిదో, ఎక్కడిదో గుర్తుకు రాకుండా పోవడంతోనే. కింద కమలం ఉండేది, బోర్లించిన గంట ఆకారంలో. చిహ్నంలో దాన్నీ వదిలేశారు. (1968లో వచ్చిన ఇత్తడి రంగు ఇరవై పైసల బిళ్ళ మీద విడిగా కమలం వేశారు. మా ఇంట్లో ఒకటి ఉండేది. ఆ సంగతికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే గుర్తొచ్చింది.) పైన చక్రం లేదు, కింద పద్మం లేదు, రాత మారింది. మధ్యలో మిగిలిన దిమ్మె మీద ఇరవై నాలుగు ఆకుల చిన్న చక్రం, దాని కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం. ఏనుగు, మరో చిన్న సింహం వెనకాల పోయాయి.

ఆ మిగిలిన చిన్న చక్రమే జెండా మీదికి వెళ్ళింది. జెండా రూపం తేల్చడానికి రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన వేసిన తాత్కాలిక కమిటీలో ఆజాద్, సరోజినీ నాయుడు, రాజాజీ, మున్షీలతోపాటు అంబేడ్కర్ సభ్యులు. 1947 జులై 22న నెహ్రూ రాజ్యాంగ సభలో తీర్మానం పెడుతూ అశోకుడి పేరు జెండాతో ముడిపడినందుకు సంతోషం వెలిబుచ్చారు. సింహశీర్షం అధికార చిహ్నమైంది 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజే. మనుస్మృతిని 1927లో మహద్‌లో తగలబెట్టిన మనిషి ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు. అదే రోజున ఒక బౌద్ధ స్తంభం దేశపు ముద్ర అయింది. ఆరేళ్ళ తర్వాత, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయనే బౌద్ధం తీసుకున్నారు. మన కళ్ళతో చూస్తే ఈ మూడూ ఒకే దారిలోని అడుగుల్లా కనిపిస్తాయి.

ఇక 2022 జులైలో కొత్త పార్లమెంటు భవనం పైన ఆవిష్కరించిన కంచు సింహాలు. ఆరున్నర మీటర్ల ఎత్తు, 9,500 కిలోల బరువు. కోరలు ఎక్కువ కనిపిస్తున్నాయి, ముఖంలో కోపం ఉందని కొందరు, కింద నుంచి చూస్తే అలాగే ఉంటుందని కొందరు వాదించుకున్నారు. సింహం నోరు ఎంత తెరిచి ఉండాలో కొలిచారు గానీ, దాని తలమీద ఏమి ఉండేదో అడిగినవాళ్ళు తక్కువ. చక్రం మోస్తున్న సింహానికి కోపంతో పనేమిటి?

సింహాల సంగతి అలా ఉంచి, అవి కూర్చున్న రూపాయి సంగతికి వద్దాం. మనకు ఇది ఇంటి విషయం. ఎందుకంటే రూపాయి మీద డాక్టరేటు చేసింది మన బాబాసాహెబే. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డీఎస్సీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథం 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' 1923లో అచ్చయింది. ఎవరైనా వెండి తెచ్చి టంకశాలలో ఇస్తే రూపాయిలు కొట్టి ఇచ్చే పద్ధతి 1893లో ఎందుకు ఆగిందో, ఆ తర్వాత రూపాయి విలువను ప్రభుత్వం ఎలా ఆడించిందో అందులో చెబుతారు. అప్పటి పద్ధతిని మెచ్చుకున్న కీన్స్ అంతటివాడితో విభేదించారు. ఆయన పట్టుబట్టింది, రూపాయి ఇక్కడ, ఈ సంతలో, ఎంత సరుకు కొనగలదన్న దాని మీద. విలువ పడిపోతే ధరలు పెరుగుతాయి, కూలి అంత వేగంగా పెరగదు. ఎగుమతి వ్యాపారికి వచ్చే లాభం పరాయి దేశం నుంచి రాదు, ఇక్కడి కూలివాడి జేబులోంచే వస్తుంది. 1925-26లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా ఈ వైపు నుంచే మాట్లాడారు.

ప్రతి ఏప్రిల్ 14కీ వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతుంది, రిజర్వు బ్యాంకును అంబేడ్కరే స్థాపించారని. దయచేసి అది పంపకండి. ఆ కమిషన్ సిఫార్సుల తర్వాత, 1935 ఏప్రిల్ 1న బ్యాంకు మొదలైంది. ఆయన పుస్తకం, సాక్ష్యం ఆ చర్చలో భాగం. ఉన్నది చెబితే చాలు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మనకో సామెత ఉంది. చెల్లే రూపాయికి లేని గీతలు గీసి దాన్ని చెల్లకుండా చేసుకోవద్దు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం 1928 నాటి విషయం. బొంబాయి శాసన మండలిలో ఆయన వంశపారంపర్య ఉద్యోగాల చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. మహర్లు ఊరి చాకిరీ అంతా చేసేవారు. బదులుగా కాస్త ఇనాము భూమి, ఊరివాళ్ళు ఇచ్చే గింజలు. ఆ గింజల్ని బలుతా అంటారు. దాన్ని డబ్బుగా మార్చాలని ఆయన అడిగారు. ఎందుకు? గింజ పెట్టేవాడి గుమ్మం ముందు నిలబడాలి. ఎంత పెడతాడో, పెడతాడో లేదో వాడి ఇష్టం. రూపాయి అయితే లెక్క ఉంటుంది. నచ్చకపోతే తీసుకుని వేరే ఊరు పోవచ్చు. రూపాయి చరిత్ర రాసిన మనిషికి, రూపాయి చేతికి రాని మనిషి బతుకు ఏమిటో తెలుసు. ఇదే మనిషి 1917లో బరోడా కొలువులో చేరితే, కింది నౌకర్లు ఫైళ్ళు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరారు.

మా తాత పాలేరు. ఏడాది చాకిరీకి కల్లం దగ్గర కొలిచి ఇచ్చిన ధాన్యమే జీతం. డబ్బు కళ్ళజూసింది మా నాయనమ్మ, మిరపకాయల కోతల్లో. చిన్నప్పుడు నేను ఆమెతో అంగడికి పోయేవాణ్ణి. అంగడి అరుగు చివర ఒక నాపరాయి ఉండేది. మేము రూపాయి ఆ రాయి మీద పెట్టాలి. అంగడాయన వంగి తీసుకునేవాడు. చిల్లర కూడా ఆ రాయి మీదే పెట్టేవాడు, మేము తీసుకోవాలి. పొట్లం మాత్రం పై నుంచి చేతిలో పడేది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఒకరోజు అడిగాను, "నాయనమ్మా, మన రూపాయికి అంటు లేదంటే, మన చేతికి ఎట్టా ఉంది?" ఆమె గట్టిగా గిల్లింది. ఇంటికొచ్చాక మాత్రం, "ఆ మాట ఆయన్ని అడగాల్సింది, నన్నడిగితే ఏముంది" అంది.

ఆమె చెంగు ముడిలో ఒక రూపాయి ఎప్పుడూ ఉండేది. 1990లో, అంబేడ్కర్ శతజయంతికి వచ్చిన బిళ్ళ. ఆ ఏడాదే ఆయనకు భారతరత్న ఇచ్చారు, చనిపోయిన ముప్పై నాలుగేళ్ళకు. ఆ బిళ్ళకు ఒక వైపు సింహాలు, రెండో వైపు బాబాసాహెబ్. అంబేడ్కర్ సెంటర్‌లో మీటింగుకు పోయినప్పుడు ఎవరో చిల్లరలో ఇస్తే దాచుకుంది. మందులకు డబ్బుల్లేని రోజున కూడా తీయలేదు. "ఇది ఆ రాయి మీద పెట్టేది కాదు" అనేది. ఆమెకు ఆర్థికశాస్త్రం తెలియదు, సారనాథ్ తెలియదు. ఆ రెండు బొమ్మలూ అంగడాయన వంగి తీసుకునే రాయి మీద పడుకోకూడదని మాత్రం తెలుసు. 2015 డిసెంబరు 6న ఆయన 125వ జయంతి పేరుతో 10 రూపాయల బిళ్ళ, 125 రూపాయల స్మారక నాణెం విడుదల చేశారు. పది రూపాయల బిళ్ళ నేనొకటి దాచుకున్నాను. నాయనమ్మ బిళ్ళ ఆమెతోనే పోయింది. నాన్న ఆమె చేతిలో పెట్టి పంపాడు.

మన దగ్గర తయారైన రూపాయి ఏదో గుర్తుపట్టాలంటే సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది. చర్లపల్లిలో కొట్టిన బిళ్ళ. దానిమీద హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగు అక్షరం లేదు. తెలుగు సారుగా ఆ ఫిర్యాదు చేయకుండా ఉండలేను.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. సారనాథ్ స్తంభం చక్రవర్తి సొమ్ముతో నిలబడింది. కానీ ప్రిన్సెప్‌కు తాళం చెవి ఇచ్చింది చిన్న దాతల రాళ్ళు అని చెప్పాను కదా. అలాంటి రాళ్ళు మన అమరావతిలోనూ వందల్లో ఉన్నాయి. సారనాథ్‌కు పట్టిన గతే దానికీ పట్టింది. 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కడుతూ స్తూపపు దిబ్బను తవ్వించాడు. ఎన్నో పలకలు కట్టడాల్లోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. మిగిలిన వాటిలో శాతవాహనుల కాలపు పలక ఒకటి. దాని మీద ప్రాకృతంలో ఉన్నదాని సారాంశం: చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు, నాగుపఝాయుడి కొడుకు విధికుడు, తన తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఇచ్చిన పున్నఘటపు పలక, దానం. తండ్రి పేరు చివర ఉన్నది ఉపాధ్యాయ శబ్దమే అంటారు శాసనాలు చదివిన పండితులు. తోలుపని చేసే ఇంట్లో ఉపాధ్యాయుడు!

విధికుడు మాదిగ అని నేను అనడం లేదు. ఆనాటి వృత్తిని ఈనాటి కులంతో సమానం చేసే తొందర నాకు లేదు. ఆయన చేసిన పని మా తాతల పని, అంతే. ఆయన మహాచైత్యం దాకా నడిచి వెళ్ళాడు. ఆయన ఇచ్చిన రాయిని ఎవరూ దూరం నుంచి తీసుకోలేదు. ఆయన పేరు, ఇంటివాళ్ళ ప్రస్తావన స్తూపానికి చెక్కారు.

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాష్ట్ర చిహ్నం ప్రకటించింది. అమరావతి శైలిలో ధమ్మచక్రం, దాని మధ్యలో పున్నఘటం, కింద చిన్నగా మన రూపాయి మీది సింహాలే. ఆ ఘటం విధికుడు దానమిచ్చిన పలక మీదిదని చిహ్నం వివరణలో ఉంది.

మొన్న స్కాలర్‌షిప్ ఫారాల పని మీద ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు ముందు పెట్టింది. కులం గడిలో మాదిగ. పైన ప్రభుత్వ ముద్ర. ఆ ముద్ర మీద వేలు పెట్టి, "ఈ కుండ ఎవరిదో తెలుసా అమ్మా?" అన్నాను. తెలియదంది. కూర్చోమన్నాను. గంట కొట్టినా ఆమె లేవలేదు, నేనూ లేవలేదు. వెళ్ళేటప్పుడు, "సార్, అప్లికేషన్‌లో మా నాన్న వృత్తి చెప్పులు కుట్టడం అని రాయనా, కూలి అని రాయనా?" అని అడిగింది. ఇంతకుముందు కూలి అని రాసేదట.

వచ్చే ఆదివారం ఎనిమిదో భాగం: చిల్లిగవ్వ. గవ్వలు డబ్బుగా చెల్లిన రోజుల గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పినవి ఏమైనా ఉంటే కామెంట్లలో రాయండి.